టమోటాలో పెంట, జీవన ఎరువు, పిండి మందు: ఏది ఎప్పుడు, ఎంత, ఎంత ఎడంతో

యూరియా, సూపరు (భాస్వరం ఎరువు), ట్రైకోడెర్మా పొడి (వేరు తెగుళ్లను ఆపే శిలీంధ్రం), అజోస్పైరిల్లం ప్యాకెట్ (నత్రజని ఇచ్చే బాక్టీరియా) అన్నీ ఒకే తట్టలో కలిపి మొక్కల మొదట్లో వేసేస్తే పని ఒక్క పూటలో అయిపోతుంది. ప్యాకెట్లో ఉన్న బాక్టీరియా కూడా ఆ పూటతోనే అయిపోతుంది. యూరియా, పొటాష్ ఉప్పులా కరిగేవి. తడి తగిలి కరిగినప్పుడు ఆ గాఢతకు సూక్ష్మజీవి తట్టుకోలేదు. "జీవన ఎరువులు వాడాం, ఏమీ కనపడలేదు" అనే పొలాల్లో చాలావాటి కథ ఇంతే. పెంట, జీవన ఎరువు, పిండి మూడూ వాడాలి, కానీ మూడింటికీ వేరువేరు రోజులు ఉన్నాయి.

పెంట సూక్ష్మజీవికి తిండీ, ఇల్లూ. అది ఇచ్చే కర్బనం లేకపోతే ప్యాకెట్లోంచి వచ్చిన బాక్టీరియా మన ఎర్ర నేలల్లో ఎక్కువ రోజులు నిలవదు. రసాయన ఎరువు, అంటే మన పిండి, మొక్కకు అప్పటికప్పుడు అందే కూడు. జీవన ఎరువు ఈ రెండింటి మధ్య పనిచేస్తుంది: గాలిలోని నత్రజనిని కొంత పట్టి ఇస్తుంది, మట్టిలో సున్నంతో బిగుసుకుపోయిన భాస్వరాన్ని కరిగిస్తుంది. దాన్ని వేసినంత మాత్రాన యూరియా కట్ట పూర్తిగా మానేయవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇక్కడ చెప్పే లెక్కలన్నీ ఒక ఎకరానికి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అక్టోబర్‌లో నారు పోసి నవంబర్‌లో నాటే పంటను దృష్టిలో పెట్టుకున్నవి. జనవరిలో నాటే వేసవి పంటకూ ఎరువుల వరుస ఇదే, నీళ్ల జాగ్రత్త మాత్రం ఎక్కువ కావాలి.

ముందు మట్టి, బోరు నీళ్లు

నాటడానికి రెండు నెలల ముందే మట్టి నమూనా తీయండి. పొలంలో వంకరటింకరగా నడుస్తూ 8–10 చోట్ల పైచెత్త తీసేసి, పారతో ఇంగ్లిషు 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట చేసి, దాని గోడ నుంచి పలుచటి పొర చెక్కండి. అన్నీ గోనె మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ చివరికి అర కిలో మిగల్చండి. గట్ల పక్క, చెట్ల కింద, పెంటకుప్ప పోసిన చోట తీయకండి. ఎరువుల సంచీలో మట్టి వేసి పంపితే రిపోర్టు మట్టిది కాక సంచీది వస్తుంది. రైతు సేవా కేంద్రంలో ఇవ్వవచ్చు. దర్శి, నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రాల్లో ఎవరైనా పరిచయం ఉంటే రిపోర్టు అక్కడ చూపించి మాట్లాడండి.

రిపోర్టులో మొదట సేంద్రియ కర్బనం చూడండి. అది 0.5 శాతం కంటే తక్కువ ఉంటే నేలలో తిండి లేదని అర్థం. ఉదయగిరి, వింజమూరు, కలిగిరి పక్క ఎర్ర నేలల్లోనూ, కొత్తపట్నం పక్క ఇసుక నేలల్లోనూ దీని గురించే ఎక్కువ ఆలోచించాలి. అలాంటి చోట జీవన ఎరువులకు పెట్టే డబ్బు కంటే ముందు పెంటకు పెట్టండి. తరువాత ఉదజని సూచిక (పీహెచ్). 8 దాటితే భాస్వరం, జింకు, ఇనుము నేలలో ఉన్నా వేరుకు అందవు. ఒంగోలు, దర్శి పక్క నల్లరేగడిలో ఈ ఇబ్బంది తరచూ ఉంటుంది. భాస్వరం కరిగించే బాక్టీరియా ఇక్కడ బాగా పనికొస్తుంది.

బోరు నీళ్లు కూడా ఒక సీసాలో పట్టి పరీక్షకు ఇవ్వండి. ఇది చాలామంది వదిలేసే పని. నీటిలో లవణ సూచిక (ఈసీ) 1.7 దాటితే టమోటా దిగుబడి తగ్గడం మొదలవుతుంది. అలాంటి నీళ్లకు మ్యూరేట్ పొటాష్ (పొటాషియం క్లోరైడు) తోడైతే క్లోరైడు ఇంకా పెరుగుతుంది. పొగాకు వేసిన రైతుకు ఇది కొత్త సంగతి కాదు. ఆకు సరిగా కాలదని పొగాకులో మ్యూరేట్ వేయరు, సల్ఫేట్ పొటాష్ వేస్తారు. ఉప్పు బోరు కింద టమోటాకూ అదే దారి.

ఇంకో మాట పొగాకు గురించే. పొగాకు, మిరప, వంగ, టమోటా ఒకే కుటుంబం. పొగాకు కోసిన చేలో వెంటనే టమోటా వేస్తే వేరు బుడిపెల నులిపురుగు, ఎండు తెగుళ్లు, మల్లె కలుపు (వేరు మీద బతికే పరాన్న కలుపు) అన్నీ సిద్ధంగా కాచుకుని ఉంటాయి. ఎంత ట్రైకోడెర్మా వేసినా ఆ నేలలో లాభం తక్కువ. మధ్యలో సజ్జ, జొన్న, మొక్కజొన్న లాంటి ఒక పంట తిప్పండి.

పెంట: ఎంత, ఏ రకం, ఎంత మాగాలి

పశువుల ఎరువు 6–8 టన్నులు. ట్రాక్టర్ ట్రక్కు తడిని బట్టి రెండున్నర నుంచి మూడు టన్నులు పడుతుంది కాబట్టి మూడు ట్రక్కులు అనుకోండి. మాగిన ఎరువును చేతిలో నలిపితే పొడిపొడిగా రాలాలి, పేడ వాసన రాకూడదు, కుప్పలో చెయ్యి పెడితే వేడి తగలకూడదు. గడ్డి పరకలు గుర్తుపట్టేలా ఉంటే ఇంకా మాగలేదు.

మాగని పెంట వేస్తే రెండు నష్టాలు. దాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు నేలలోని నత్రజనినే లాక్కుంటాయి, నాటిన రెండు మూడు వారాలకు మొక్క అడుగు ఆకులు పసుపు తిరుగుతాయి. రైతు అప్పుడు యూరియా వేస్తాడు, అది కూడా పెంట కుళ్లడానికే పోతుంది. రెండోది, ఎర్ర నేలల్లో చెదలు, వేరుపురుగు ఆ పెంట వెంటే వస్తాయి.

గొర్రెల మంద కట్టించే వీలుంటే వదులుకోకండి. నెల్లూరు గొర్రెల పుట్టిల్లు మన ప్రాంతమే. వేసవిలో కోతలయ్యాక మందలు పొలాల మీద తిరుగుతూనే ఉంటాయి. ఇందులో ఎరువు కంటే మూత్రం విలువ ఎక్కువ, అది నేరుగా నేలలో ఇంకుతుంది. అయితే మంద లేచిన మర్నాడే, మహా అయితే రెండో రోజు, పైపైన దున్ని మట్టి కప్పేయాలి. ఎండకు వదిలేస్తే నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. ఆ ఘాటు ముక్కుకు తగిలిందంటే మీ డబ్బే పైకి పోతోందని అర్థం.

కోళ్ల ఎరువు బలమైనది. టన్నులో సుమారు 30 కిలోల నత్రజని, 25 కిలోల భాస్వరం ఉంటాయి. బలమైనదనే దానితో ప్రమాదం కూడా. పచ్చిగా వేస్తే వేరు మాడుతుంది. మాగబెట్టి, ఎకరాకు టన్నుకు మించకుండా, నాటడానికి కనీసం నెల ముందు వేసి దున్నండి. దాన్ని వేసి కూడా పిండి లెక్క తగ్గించకపోతే చెట్టు గుబురుగా నల్లగా ఎదిగి పూత రాలిపోతుంది. టన్ను కోళ్ల ఎరువు వేస్తే సూపర్‌ను సగానికి తగ్గించండి, మొదటి దఫా యూరియా మానేయండి. మంద కట్టిన చేలో కూడా మొదటి దఫా యూరియా అవసరం లేదు.

పెంట దొరకని చోట తొలకరికి జనుము గానీ పిల్లిపెసర గానీ చల్లి, పూతకు వచ్చినప్పుడు కలియదున్నండి. దున్నిన తరువాత నాటడానికి కనీసం మూడు వారాలు ఎడం ఉంచి, ఆ ఎడంలో నేల ఎండిపోకుండా తడి ఇవ్వండి. చెరువు మట్టి తోలుకునే వాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: అది ఇసుక నేలకు నీరు పట్టే శక్తినిస్తుంది గానీ పెంటకు బదులు కాదు.

పిండి లెక్క

సూటి రకాలకు (హైబ్రిడ్ కానివాటికి) ఎకరాకు సిఫారసు 60 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 24 కిలోల పొటాష్. ఇది 6–8 టన్నుల పెంట వేసిన నేలకు చెప్పిన మోతాదు. పెంట వేయకుండా ఇది మాత్రమే వేసే వాళ్లు సగం సిఫారసే పాటిస్తున్నట్టు.

పెంట, జీవన ఎరువులు రెండూ పద్ధతిగా వేస్తే నత్రజనిలో, భాస్వరంలో పావు వంతు తగ్గించవచ్చు. ఏ ఒక్కటి లోపించినా తగ్గించకండి. పొటాష్ మాత్రం పూర్తిగా వేయండి, కాయ బరువు, రంగు, దూరం వెళ్లినా చితకని గట్టితనం దాని మీదే ఉన్నాయి. అంటే మన లెక్క 45–18–24.

దీన్ని కట్టల్లోకి మారిస్తే: సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లో భాస్వరం 16 శాతం కాబట్టి 18 కిలోలకు 112 కిలోలు, రెండుంపావు కట్టలు. మ్యూరేట్ పొటాష్ 60 శాతం కాబట్టి 24 కిలోలకు 40 కిలోలు. యూరియా 46 శాతం కాబట్టి 45 కిలోలకు 98 కిలోలు. యూరియా కట్ట ఇప్పుడు 45 కిలోలే అన్నది మరవకండి. రెండు కట్టలు, పైన ఎనిమిది కిలోలు.

మట్టి రిపోర్టులో ఏదైనా పోషకం 'తక్కువ' అని వస్తే దాన్ని 30 శాతం పెంచండి, 'ఎక్కువ' అని వస్తే 30 శాతం తగ్గించండి. ఊతకర్రలు కట్టి పెంచే హైబ్రిడ్లు ఎక్కువ కాలం కాస్తాయి కాబట్టి మోతాదు కూడా ఎక్కువ కావాలి. దాన్ని రిపోర్టు చూపించి ఖాయం చేసుకోండి. పావు వంతు కోత, దఫాల మధ్య ఎడం మాత్రం వాటికీ ఇవే.

సూపర్‌కు బదులు డీఏపీ వేస్తే పని తేలికే. ఒక కట్టలో 23 కిలోల భాస్వరం, 9 కిలోల నత్రజని వస్తాయి. కానీ సూపర్‌తో పాటు వచ్చే కాల్షియం, గంధకం పోతాయి. టమోటాలో కాయ అడుగు నల్లబడి కుళ్లడం కాల్షియం అందకే వస్తుంది. అందుకే ఈ పంటకు సూపరే మేలు. డీఏపీ తప్ప దొరకకపోతే దానిలోని 9 కిలోల నత్రజనిని యూరియా లెక్కలోంచి, అంటే సుమారు 20 కిలోల యూరియా, తీసేయండి.

జీవన ఎరువు కొనేటప్పుడు

టమోటాకు కావలసినవి నాలుగు. నత్రజనికి అజోస్పైరిల్లం లేదా అజటోబాక్టర్, ఏదో ఒకటి. భాస్వరానికి ఫాస్ఫోబాక్టీరియా. వేరు తెగుళ్లను ఆపడానికి ట్రైకోడెర్మా విరిడి. వీలైతే వేరుశిలీంధ్రం, దుకాణంలో వామ్ అంటారు. రైజోబియం కొనకండి, అది శనగ, వేరుశనగ లాంటి పప్పుజాతికి మాత్రమే పనికొస్తుంది. పొటాష్ కరిగించే బాక్టీరియా కూడా అమ్ముతారు. రిపోర్టులో పొటాష్ 'ఎక్కువ' అని వచ్చిన నల్లరేగడిలో దాన్ని వాడుకోవచ్చు, మిగతా చోట్ల తప్పనిసరి కాదు.

ప్యాకెట్ మీద తయారైన తేదీ, గడువు తేదీ, సూక్ష్మజీవి పేరు, సంఖ్య చూడండి. నియమం ప్రకారం పొడి రకంలో గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవంలో మిల్లీలీటరుకు కనీసం 10 కోట్లు ఉండాలి. పొడికి గడువు తక్కువ, ద్రవానికి ఎక్కువ. మే నెలలో రేకుల షెడ్డులో, పురుగుమందు డబ్బాల పక్కన ఎండుతున్న ప్యాకెట్‌కు గడువు ఇంకా మూడు నెలలున్నా లోపల ప్రాణం ఉండకపోవచ్చు. చల్లటి చోట నిల్వ పెట్టే దుకాణంలో, వాడడానికి వారం ముందు మాత్రమే కొనండి. ఇంటికి తెచ్చాక కుండ పక్కన నీడలో పెట్టండి. మోటారు సైకిల్ ట్యాంకు మీద ఎండలో మోసుకురావడం కూడా దానికి మంచిది కాదు.

జీవామృతం చేసుకునే వాళ్లు ఆపనక్కర్లేదు, పదిహేను రోజులకోసారి తడిలో పారించవచ్చు. కానీ అందులో ఏ సూక్ష్మజీవి ఎంత ఉందో తెలియదు. దాన్ని ఆధారం చేసుకుని పిండిలో పావు వంతు కోత పెట్టకండి.

నారు

హైబ్రిడ్ విత్తనం రంగు పూసి వస్తుంది. ఆ రంగులో శిలీంధ్రనాశిని ఉంటుంది. దాని మీద జీవన ఎరువు పట్టించడం వృథా. పీకేఎం-1 లాంటి సూటి రకం, మందు పట్టించని విత్తనమైతే ట్రైకోడెర్మాతో శుద్ధి చేసుకోవచ్చు. హైబ్రిడ్‌కైతే ట్రేలో నింపే పొట్టులోనే పని కానివ్వండి: 100 కిలోల కొబ్బరిపొట్టుకు కిలో వేపచెక్క, కిలో ట్రైకోడెర్మా కలిపి తడిపి, వారం నీడలో కప్పి ఉంచి నింపండి. వామ్ వాడేటట్లయితే ట్రేలోనే కలపండి. లేత వేరుకు అంటుకున్నంత సులువుగా అది తరువాత అంటుకోదు. పొలంలో ఒక్కో గుంటలో వేయడం కంటే ఖర్చు కూడా చాలా తక్కువ.

98 గుంతల ట్రేలు ఎకరాకు 105–110 కావాలి. సాళ్ల మధ్య 90, మొక్కల మధ్య 45 సెంటీమీటర్లు పెడితే సుమారు పది వేల మొక్కలు పడతాయి. చచ్చిన చోట నాటడానికి కొన్ని మిగలాలి. నారు 25–30 రోజులది ఉండాలి.

నాటడానికి పదిహేను రోజుల ముందు నుంచి

ట్రైకోడెర్మా కుప్ప ముందు మొదలుపెట్టండి. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపచెక్క, 2 కిలోల ట్రైకోడెర్మా. చెట్టు కింద పొరలుగా పరుస్తూ కలిపి, నీళ్లు చిలకరించండి. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద నిలవాలి గానీ వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. కారిందంటే లోపల గాలి ఆడక కుళ్లు వాసన వస్తుంది, ట్రైకోడెర్మా బతకదు. తడి గోనెలు కప్పి, నాలుగో రోజు ఒకసారి తిరగేయండి. ఏడు నుంచి పది రోజుల్లో కుప్ప మీద తెల్లగా, ఆపైన ఆకుపచ్చగా బూజు పాకితే సిద్ధమైనట్టు. వేపచెక్కలో నూనె పూర్తిగా తీయనిదైతే బూజు ఆలస్యంగా వస్తుంది, రెండు మూడు రోజులు ఆగండి.

ఆ కుప్ప మాగుతున్నప్పుడే ఆఖరి దుక్కి. పెంట సమంగా చల్లి దున్ని, బోదెలు గానీ ఎత్తు మడులు గానీ తోలండి. నవంబర్ పంటకు ఎత్తు మడులే నయం, ఎందుకో వానల దగ్గర చెబుతాం. సూపర్‌ను పొలమంతా చల్లకండి, నల్లరేగడిలో సున్నం దాన్ని పట్టేస్తుంది. రెండు మూడు వందల కిలోల మాగిన పెంటతో కలిపి, నాటే సాలు పక్కన గాడిలో వేసి మట్టి కప్పండి. పెంట తొడుగులా ఉంటే భాస్వరం త్వరగా బిగుసుకోదు. అదే గాడిలో మ్యూరేట్ పొటాష్ 20 కిలోలు (ఉప్పు బోరు అయితే దానికి బదులు సల్ఫేట్ పొటాష్ 24 కిలోలు) వేయండి. మిగతా 20 తరువాతకు. జింకు లోపం ఉన్న నేలకు జింకు సల్ఫేట్ 20 కిలోలు ఇప్పుడే వేయాలి, కానీ సూపర్‌తో గానీ డీఏపీతో గానీ కలిపి కాదు. కలిస్తే రెండూ మొక్కకు అందకుండా గట్టిపడతాయి. మూడు రోజులు ముందో వెనకో విడిగా చల్లండి. ఒకసారి వేస్తే రెండు మూడు పంటల వరకు సరిపోతుంది.

ఇవన్నీ నాటడానికి పది రోజుల ముందు అయిపోవాలి. తరువాత ఒక తడి ఇచ్చి వదిలేయండి. బాక్టీరియా నేలలో అడుగుపెట్టేసరికి ఉప్పు గాఢత తగ్గి ఉంటుంది.

నాటే ముందురోజు సాయంత్రం రెండు కిలోల అజోస్పైరిల్లం, రెండు కిలోల ఫాస్ఫోబాక్టీరియా, ద్రవమైతే ఒక్కోటి అర లీటరు, 200 కిలోల వర్మికంపోస్టులో గానీ జల్లెడ పట్టిన మాగిన పెంటలో గానీ కలపండి. కొద్దిగా తడిపి రాత్రికి గోనెతో కప్పండి. తెల్లారి ట్రైకోడెర్మా కుప్పను దీనిలో కలిపేస్తే మొత్తం 300 కిలోలు. పది వేల మొక్కలకు తలా 30 గ్రాములు, చిన్న పిడికెడు.

నాటే రోజు

సాయంత్రం నాలుగు తరువాత నాటండి. నేలలో తడి ఉండాలి, పొడి దుమ్ములో వేసిన బాక్టీరియా గంటల్లో చస్తుంది. గుంటలో పిడికెడు మిశ్రమం వేసి మట్టితో కలిపి మొక్క పెట్టండి.

నారు వేర్లు ముంచే ద్రావణం: 10 లీటర్ల నీటికి అజోస్పైరిల్లం అర కిలో, ఫాస్ఫోబాక్టీరియా అర కిలో, ద్రవమైతే లీటరుకు 5 మి.లీ. మడిలో పెంచిన నారైతే వేర్లు 15–20 నిమిషాలు ముంచండి. ట్రే నారును పీకి ముంచితే పొట్టు ఊడి వేరు తెగుతుంది. వెడల్పాటి టబ్బులో ద్రావణం పోసి, ట్రే అడుగు మునిగేలా ఐదు నిమిషాలు పెట్టి తీయండి. నీళ్లు క్లోరిన్ కలిపిన కుళాయివి కాకుండా బోరువో బావివో వాడండి. నారుకు కాపర్ ఆక్సీక్లోరైడు గానీ కార్బండజిమ్ గానీ పోసి పది రోజులు కాకపోతే ముంచడం వాయిదా వేయండి.

పైపాటు: యూరియాకు, బాక్టీరియాకు వంతులు

ఎర్ర నేలలో, ఇసుకలో యూరియా నిలవదు, నీటితో కిందికి జారిపోతుంది. అందుకని 98 కిలోలను నాలుగు దఫాలు చేయండి: నాటిన 20, 35, 50, 65 రోజులకు, దఫాకు సుమారు 25 కిలోలు. నల్లరేగడికి 30, 45, 60 రోజులకు మూడు దఫాలు, ఒక్కోటి 33 కిలోలు చాలు. మిగిలిన 20 కిలోల పొటాష్‌ను పూత, పిందె సమయంలో రెండుగా పంచి యూరియాతోనే వేయవచ్చు. కానీ కలిపిన వెంటనే వేసేయాలి, ఉంచితే నీరు పట్టి ముద్ద కడుతుంది.

మొక్కకు 25 కిలోల దఫాలో పడేది రెండున్నర గ్రాములు, అంటే మూడు వేళ్ల చిటికెడు. కూలీలు గుప్పిట్లో పట్టి వేస్తే కట్ట సగం పొలానికే అయిపోతుంది, మిగతా సగానికి ఇంకో కట్ట విప్పుతారు. మోతాదు పెరిగేది ఎక్కువగా ఇలాగే. మొదట ఒక సాలులో తూచి వేయించి, చేతి అంచనా కుదిరాక మిగతా పొలంలోకి పంపండి. మొదలుకు 8–10 సెంటీమీటర్ల ఎడంగా, 5 సెంటీమీటర్ల లోతున వేసి, మట్టి ఎగదోసి, అదే రోజు తడి పెట్టండి. పైన చల్లి వదిలేసిన యూరియా మన ఎండకు గాలిలో కలుస్తుంది.

రెండో విడత జీవన ఎరువు సరిగ్గా రెండు యూరియా దఫాల మధ్యన పడాలి. ఎర్ర నేలలో 27–28వ రోజు, రేగడిలో 37–38వ రోజు. అటు వారం, ఇటు వారం. అజోస్పైరిల్లం, ఫాస్ఫోబాక్టీరియా కిలో చొప్పున 100 కిలోల వర్మికంపోస్టుతో మొదళ్ల చుట్టూ వేసి మట్టి కప్పి తడి ఇవ్వండి. యూరియా ఎక్కువైన నేలలో అజోస్పైరిల్లం గాలి నత్రజనిని పట్టే పనే మానుకుంటుంది, సులువుగా దొరికినప్పుడు కష్టపడదు. భాస్వరం ఎక్కువైతే వామ్ కూడా అంతే, వేరుకు అంటుకోదు.

మొదళ్లలో కాపర్ మందు గానీ కార్బండజిమ్ గానీ పోయాల్సి వస్తే జీవన ఎరువుకు ముందు వెనక పది పదిహేను రోజులు ఎడం పాటించండి. తెగులు ముదిరి తప్పక పోస్తే పోయండి, కానీ రెండు వారాల తరువాత జీవన ఎరువు ఇంకో విడత ఇవ్వాల్సి ఉంటుందని లెక్కలో పెట్టుకోండి. ఆకుల మీద కొట్టే మందుతో నేలలోని బాక్టీరియాకు అంత భయం లేదు.

డ్రిప్పు, మల్చింగ్ షీటు ఉంటే

షీటు పరిచాక మొదట్లో ఎరువు వేసే దారి ఉండదు. యూరియాను రెండో వారం నుంచి పదో వారం వరకు వారానికి 10–12 కిలోల చొప్పున పంపండి. ఎర్ర మ్యూరేట్ పొటాష్ పైపుల్లో మడ్డి కడుతుంది, తెల్లది వాడండి. ఉప్పు బోరు అయితే మిగిలిన 20 కిలోల మ్యూరేట్‌కు (అందులో పొటాష్ 12 కిలోలు) బదులు 24 కిలోల సల్ఫేట్ పొటాష్. కాల్షియం నైట్రేట్‌ను సల్ఫేట్ ఎరువులతో గానీ, 12–61–0 లాంటి భాస్వరం ఎరువులతో గానీ ఒకే తొట్టిలో కలిపితే సున్నంలా గడ్డకట్టి డ్రిప్పర్లు మూసుకుపోతాయి.

డ్రిప్పుకు ద్రవ జీవన ఎరువే వాడాలి, పొడి రకం ఫిల్టరును మూసేస్తుంది. ఒక్కోటి అర లీటరు వడగట్టి, ఎరువు వదలని రోజు, నీరు సగం పారాక వెంచూరీలో (ఎరువు ద్రావణాన్ని పైపులోకి పీల్చే పరికరం) వదిలి, చివర పది నిమిషాలు ఉత్త నీళ్లు పంపండి. పైపులు కడగడానికి యాసిడ్ గానీ క్లోరిన్ గానీ వాడి ఉంటే నాలుగైదు రోజులు ఆగండి.

వాన, తుపాను

మనకు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరు, ప్రకాశం పొలాలు ఎలా మునిగాయో చూశాం. ఎత్తు మడి ఉంటే వేరు దగ్గర నీరు నిలవదు. వాతావరణ హెచ్చరిక ఉన్న వారంలో యూరియా దఫా వేయకండి, వానకు అది మీ పొలంలో ఉండదు.

వాన వెలిశాక ముందు నీరు తీసేయండి. వేరు ఊపిరాడక ఉన్నప్పుడు నేలలో ఎరువు వేసినా తీసుకోదు కాబట్టి 13–0–45 (పొటాషియం నైట్రేట్) లీటరుకు 10 గ్రాములు ఆకుల మీద పిచికారీ చేయండి. నేల ఆరి అడుగు పెట్టగలిగాక, ఎర్ర నేలల్లో దఫాకు అదనంగా 10–15 కిలోల యూరియా వేయండి. వారం తరువాత ట్రైకోడెర్మా కలిపిన పెంట ఇంకో పిడికెడు. నీరు నిలిచిన చేలోనే వేరుకుళ్లు, ఎండు తెగుళ్లు లేస్తాయి.

చెట్టు చెప్పేది

ఆకులు ముదురు ఆకుపచ్చగా దళసరిగా ముడుచుకుని, పూత వచ్చి రాలిపోతుంటే నత్రజని ఎక్కువైంది. వచ్చే యూరియా దఫా ఆపండి. ఆ లేత గుబురుకు తెల్లదోమ కూడా ఎక్కువ చేరుతుంది, దాని వెంట ఆకుముడత వైరస్ వస్తుంది.

డిసెంబర్, జనవరి చలికి ఆకు అడుగు ఊదారంగు తిరిగితే నేలలో భాస్వరం లేదని కంగారుపడి డీఏపీ వేయకండి. చలికి వేరు తీసుకోలేకపోతుంది, అంతే. 12–61–0 లీటరుకు 5 గ్రాములు ఒకసారి కొడితే చాలు. ముదురు ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య పసుపైతే మెగ్నీషియం లోపం. పొటాష్ ఎక్కువ వేసిన చోట కనిపిస్తుంది. మెగ్నీషియం సల్ఫేట్ లీటరుకు 5 గ్రాములు. లేత ఆకులు చిన్నవై పసుపెక్కితే జింకు సల్ఫేట్ లీటరుకు 2 గ్రాములు.

కాయ అడుగున నల్లటి మచ్చ పల్లంగా పడితే అది తెగులు కాదు. కాల్షియం నేలలో ఉన్నా, తడి ఒకరోజు ఎక్కువ, వారం రోజులు లేకపోవడం వల్ల కాయకు చేరదు. యూరియా, పొటాష్ ఎక్కువైనా, నీరు ఉప్పగా ఉన్నా ఇదే జరుగుతుంది. ముందు తడుల వరుస సరిచేసి, కాల్షియం నైట్రేట్ లీటరుకు 5 గ్రాములు పిందె మీద పడేలా వారం ఎడంతో రెండుసార్లు కొట్టండి. కాయ పగుళ్లకు కూడా తడులే మొదటి కారణం. బోరాన్ లోపం అనుమానమైతే 20 శాతం బోరాన్ లీటరుకు గ్రాము, అంతకు మించి వద్దు. బోరాన్‌కు లోపానికీ విషానికీ మధ్య ఎడం చాలా తక్కువ.

పచ్చగా ఉన్న చెట్టు ఉన్నట్టుండి వాలిపోతే కాండం అడుగున కోసి గాజు గ్లాసు నీళ్లలో వేలాడదీయండి. పాలలాంటి తీగ కిందికి దిగితే బాక్టీరియా ఎండు తెగులు. ఆ చెట్టు ఏ ఎరువుకూ లేవదు. వేరుతో పీకి పొలం బయట కాల్చి, గుంటలో నీరు పక్క మొక్కకు పారకుండా అడ్డం వేయండి.

మొదటి ఏడాది పొలం మొత్తానికి ఎరువు కోత పెట్టకండి. నడిమధ్యన నాలుగు సాళ్లు గుర్తు కర్రలు పాతి వదిలి, వాటికి జీవన ఎరువు లేకుండా పెంట, పూర్తి 60–24–24 మోతాదు వేయండి. మొదటి కోత నుంచి ఆఖరి కోత దాకా ఆ నాలుగు సాళ్ల క్రేట్లు, పక్కనే ఉన్న ఇంకో నాలుగు సాళ్ల క్రేట్లు ఒకే రోజు కోయించి, కాయ ఏరకముందే విడివిడిగా తూచి రాసుకోండి. వచ్చే పంటకు పావు వంతు కోత అలాగే ఉంచాలో, తగ్గించాలో ఆ రెండు బరువులు చూసి నిర్ణయించండి.